వెనక వరస

ఫ్రిజ్ గుమ్మంలో ఇరుక్కుంది.

లోపలికి వచ్చిన రోజున ఎలా పట్టిందో ఎవరికీ గుర్తులేదు గానీ, బయటికి వెళ్లడానికి మాత్రం ససేమిరా అంటోంది. కూల్‌డ్రింకు కంపెనీ బండిలో వచ్చిన మోతగాళ్లు దాన్ని అటు వంచీ ఇటు వంచీ అలిసిపోయారు. వాళ్లకి దారి చెబుతున్నవాడు ఎవరో కాదు, సాక్షాత్తూ కొట్టాయన. తన కొట్టు నడిబొడ్డు ఖాళీ చేసి పట్టుకుపోతున్నవాళ్లకి చెమటలు కక్కుతూ సాయం పడుతున్నాడు.

"కాస్త ఎడంపక్కకి బాబూ. గాజు జాగ్రత్త. గీత పడిందంటే మళ్లీ మా మీదికే వస్తుంది."

ఆయన భార్య నేల మీద గొంతుక్కూర్చుని పాలకూర ఏరుకుంటోంది. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె కొట్టు వదిన. పొద్దున పెద్దరోడ్డు అవతలి బజారు నుంచి తెప్పించిన కూరలన్నీ ఫ్రిజ్‌లోంచి లాగి నేల మీద పోశారు. పాలకూర కట్టల మీద బూటు గుర్తులు పడ్డాయి. సొరకాయ ఒకటి దొర్లుకుంటూ వెళ్లి బస్తాల సందులో దాక్కుంది. దాని పనే బాగుందనుకుంది వదిన.

గుమ్మం బయట ఆడవాళ్లు గుంపుగా నిలబడి చూస్తున్నారు. పనుల నుంచి ఇళ్లకు తిరిగొచ్చే వేళ. అందరి చేతుల్లోనూ ఖాళీ సంచులు. రోజూ ఈ వేళకి వాళ్లు కొట్టు ముందుకొచ్చి, అటూ ఇటూ చూసి, "వెనక వరస ఉందా వదినా?" అని అడుగుతారు.

ఆ మాట వదిన నేర్పిందే. కంపెనీ ఇచ్చిన ఫ్రిజ్‌లో కంపెనీ సీసాలు తప్ప గుక్కెడు మంచినీళ్లు కూడా పెట్టకూడదని నియమం. ఏ అరలో ఏ రంగు సీసా నిలబడాలో కూడా వాళ్లే చెబుతారు. వారం వారం కంపెనీ మనిషి వచ్చి గాజు తలుపు బయటి నుంచి ఫోటో తీసుకుపోతాడు. వదిన ఏం చేసిందంటే, ప్రతి అరలోనూ ముందు ఒక్క వరస సీసాలు నిలబెట్టి, వెనక జాగా అంతా కూరలకి ఇచ్చేసింది. ఫోటోలో రంగురంగుల సీసాలు బారులు తీరి మెరిసేవి. వాటి చాటున పాలకూరా క్యారెట్లూ బీన్సూ చల్లగా పడుకునేవి.

ఇన్నాళ్లూ ఏ ఫోటోకీ అనుమానం రాలేదు. ఈ రోజు ఆ మనిషి వస్తూనే ఫోన్ జేబులో పెట్టుకుని, తలుపు తీసి, మోచేతి దాకా లోపలికి చెయ్యి పెట్టి పాలకూర కట్ట బయటికి లాగాడు. దొంగతనం సొత్తు దొరికినట్టు దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు కూడా.

"మీరెప్పుడూ అద్దం బయటి నుంచే కదండీ చూసేది," అంది వదిన, తల ఎత్తకుండానే. "ఈసారి సరాసరి చెయ్యి పెట్టారు. ఎవరు చెప్పారు?"

కంపెనీ మనిషి మర్యాదస్తుడు. ఆ ఉద్యోగానికి ఎంత మర్యాద కావాలో అంతా ఉంది అతడి దగ్గర.

"నాకు మాత్రం సరదానా వదినా? పైవాళ్లు నా పీక మీద కూర్చుంటారు."

"పైవాళ్లకి ఎవరు చెప్పారు?"

అతడు భుజానికున్న సంచీ పట్టీ సర్దుకున్నాడు.

"చెప్పరులే వదినా," అంది బయటి నుంచి ఇస్త్రీ అక్క. ఆ వీధివాళ్ల బట్టలన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. వాటితోపాటు వాళ్ల కబుర్లూ వస్తాయి. "పాలకూరని అరెస్టు చేశారు. సాక్షి పేరు బయటపెడతారా ఎక్కడైనా?"

ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఫ్రిజ్ ఒక్క కుదుపుతో గుమ్మం దాటింది, పోతూ పోతూ ద్వారబంధం చెక్క ఒకటి లేపుకుపోయింది. తర్వాత నిచ్చెన వేసి పైనున్న బోర్డు కూడా విప్పారు. అదీ కంపెనీదే. బోర్డు పోయినచోట గోడ మీద పాత సున్నం బయటపడింది. కొట్టు ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు కనిపించింది.

"రేపు పొద్దున వస్తాను అన్నా," అన్నాడు కంపెనీ మనిషి మోటారుసైకిలు ఎక్కుతూ. "నేను చెప్పిన విషయం ఇంట్లో మాట్లాడుకోండి."

ఏం విషయమో వదినకి తెలీదు. కొట్టాయన ఆమె వైపు చూడకుండా షట్టరు సగానికి దించాడు.

* * *

కొట్టు వెనకే ఇల్లు. మధ్యలో గోడ లేదు, తెర ఉంది. తెర అవతల మంచం మీద అత్తగారు, ఆవిడ కాలి కింద ఎత్తుగా దిండు.

షుగరుకి బొటనవేలు ఇప్పటికే పోయింది. పుండు ఇంకా మానలేదు. కాలు ఎత్తున పెట్టి కదలకుండా ఉంటే, తిండి సరిగ్గా ఉంటే, పాదం దక్కుతుందని డాక్టరు చెప్పాడు. బన్నులూ బిస్కెట్లూ ఇంటి ఛాయలకి రానివ్వకండి, ఆకుకూరలూ కూరగాయలూ బాగా పెట్టండి అన్నాడు. వదిన ఆస్పత్రి నుంచి వచ్చి, ఇన్నేళ్లుగా తను తుడుస్తున్న కొట్టుని మొదటిసారి చూసినట్టు చూసింది. నేల నుంచి కప్పు దాకా తిండే. అందులో అత్తగారికి వండి పెట్టగలిగింది ఒక్కటీ లేదు.

ఒకప్పుడు ఈ వీధి చివరే కూరగాయల బజారు ఉండేది. రోడ్డు వెడల్పు చేస్తామని దాన్ని పెద్దరోడ్డు అవతలికి తరిమేశారు. తోపుడుబళ్లు ఇటు తిరగకూడదన్నారు. బస్సు మారి వెళ్లాలి, మళ్లీ బస్సు మారి రావాలి. పనులకెళ్లే ఆడవాళ్లు అక్కడ దిగేసరికి బుట్టల మీద పరదాలు కప్పేసి ఉంటారు. ఇక ఈ చుట్టుపక్కల తిండి అంటే కొట్టాయన కొట్టే. పిల్లలకి చిప్స్, పెద్దలకి బన్ను, పొయ్యి వెలిగించే ఓపిక లేనివాళ్లకి వేడినీళ్లు పోస్తే ఉబ్బే నూడుల్స్. వీధి వీధంతా అలాగే తిని, అలాగే లావెక్కి, అలాగే నీరసపడుతోంది. ఎవరినైనా ఎలా ఉన్నావని అడిగితే మందుల పేర్లు చెబుతారు.

వదిన ముందు అత్తగారి కోసమే ఒక సంచి తెచ్చింది. ఆ సంచి చూసి పక్కింటావిడ అడిగింది. పక్కింటావిడని చూసి ఇస్త్రీ అక్క అడిగింది. అలా మొదలైంది వెనక వరస.

"చెప్పండి," అంది వదిన ఇప్పుడు. "ఏం మాట్లాడుకోమన్నాడు?"

"ముందు కాసిని మంచినీళ్లియ్యి."

"నీళ్లు తర్వాత."

కొట్టాయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే వదిన పని ఎంత తేలికయ్యేదో. తల్లి కాలికి మెత్తగా ఉండాలని ఊరంతా తిరిగి మేజోళ్లు కొనుక్కొచ్చిన మనిషి. చొక్కా అంచుతో మొహం తుడుచుకుని, ఫ్రిజ్ పోయినచోట నేల మీద మిగిలిన చదరపు మురికిని చూస్తూ చెప్పాడు.

"ఇంకా పెద్ద ఫ్రిజ్ ఇస్తారట. రెండు తలుపులది. కొత్త బోర్డు, లైట్లతో. ముందు జాగాలో చిప్స్ స్టాండు వాళ్లే తెచ్చి పెట్టుకుంటారు."

"ముందు జాగా అంటే?"

"ముందు జాగా అంటే ముందు జాగాయే. గుమ్మం నుంచి గల్లా దాకా."

"సాయంత్రం అమ్మేటప్పుడు నా బుట్టలు పెట్టేది అక్కడే కదా."

"బుట్టలుండవు. పచ్చి సరుకు కొట్టులో కనపడకూడదని రాస్తారు. కొట్టు అమ్మ పేరున ఉంది కాబట్టి ఆవిడ సంతకం పెట్టాలి."

వదిన చేతిలో నలిగిన పాలకూర కట్ట విప్పి, బాగున్న ఆకులు ఒకవైపు, పాడైనవి ఒకవైపు వేయసాగింది. ఆ పని ఇప్పుడే చేయాల్సినంత తొందరేం లేదు.

"మీరు సరేనన్నారు," అంది చివరికి.

"అనక? ఫ్రిజ్ లేని కొట్టు మెట్టు ఎవడెక్కుతాడే? ఎండలో పడి వచ్చినవాడు చల్లటి సీసా కోసమే వస్తాడు. వచ్చినవాడు ఇంకోటి కొంటాడు. మా నాన్న నాటి నుంచీ ఇదే పద్ధతి. నీ ఆకుకూర చూడ్డానికి బాగానే ఉంటుంది, తెల్లారేసరికి నీరుగారిపోతుంది. బిస్కెట్ ప్యాకెట్ ఏడాదైనా చెక్కుచెదరదు."

"అది చెక్కుచెదరదు. తిన్నవాళ్ల కాళ్లే కుళ్లిపోతాయి."

నోరు జారింది. తెర అవతల మంచం కిర్రుమంది. మొగుడూ పెళ్లాలిద్దరూ తెర వైపు చూసి, తర్వాత ఎవరి కాళ్ల వైపు వాళ్లు చూసుకున్నారు.

"వినబడేలా అన్నావు," అన్నాడు కొట్టాయన గొంతు తగ్గించి.

"వినబడనివ్వండి. ఇదంతా ఆవిడ కోసమే కదా."

"ఆవిడ కోసమైతే ఆవిడకి తెచ్చి వండిపెట్టు. ఎవరు కాదన్నారు? వీధిని ఉద్ధరించమని నీకెవరు చెప్పారు?"

"ఎలా తేవాలండీ? రోజూ బస్సులు మారి మీరెళ్తారా? ఇంతమంది కొంటున్నారు కాబట్టి బజారాయన బండిలో వేసి గుమ్మంలోకి పంపుతున్నాడు. వీధికి ఆపేసిన రోజున ఆ బండి రాదు. బండి రాకపోతే మీ అమ్మకీ లేదు. రేపట్నించి ఆవిడ కంచంలో ఏం పెట్టను, చిప్సా?"

"ఏదో ఒకటి చూద్దాం."

"మీరు ఏదో ఒకటి చూస్తూ ఉంటేనే వేలు పోయింది."

ఈసారి మంచం కూడా కిర్రుమనలేదు. కొట్టాయన మొహం నల్లబడింది. బస్తా మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు.

"నేను అమ్మకపోతే ఇంకోడు అమ్ముతాడు," అన్నాడు నెమ్మదిగా. "చిప్స్ కొనేవాళ్లని నేనేమైనా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చానా? వాళ్లకి అది కావాలి, నా దగ్గర ఉంది. అంతే."

"మీ దగ్గర అదొక్కటే ఉంది కాబట్టి వాళ్లకి అదే కావాలి. పాలకూర పెట్టాక అడగలేదా? సంచులు పట్టుకుని నిలబడలేదా? మీ కళ్లతో మీరు చూడలేదా?"

అతడు తల దించుకున్నాడు. చూశాడు, అదే అతడి బాధ. వదిన ఆ దించిన తలని ఇంకోలా అర్థం చేసుకుంది.

"మీరే చెప్పారు కంపెనీకి."

"ఏంటీ?"

"రెండు తలుపుల ఫ్రిజ్ మీద మీ కన్ను ఎప్పటి నుంచో ఉంది. ఇది పోతేనే గానీ అది రాదు. మీరే చెప్పారు."

"నీకు మతి గానీ పోయిందా? నా కొట్టు మీద నేనే చెప్పుకుంటానా?"

"మరి ఎవరు? వీధిలో ఎవరు చెబుతారు? వాళ్ల నోటి దగ్గరి కూడు వాళ్లే పడగొట్టుకుంటారా?"

"నాకు తెలీదు!" కొట్టాయన లేచాడు. గొంతు కూడా లేచింది. "నేను చెప్పలేదు. మా అమ్మ మీద ఒట్టు. మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను, నేను చెప్పలేదు!"

"నా మీద ఒట్లెందుకురా," అంది తెర అవతలి నుంచి గొంతు. "ఉన్న కాలు కూడా ఊడిపోయేలా. నేనే చెప్పాను."

* * *

తెర తీసింది వదినే.

అత్తగారు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తప్పు ఒప్పుకున్న మనిషిలా లేదు. చాలాసేపటిగా ఎవరైనా పిలుస్తారేమోనని చూసి, విసుగెత్తి తనే పలికిన మనిషిలా ఉంది.

"ఏం చెప్పావమ్మా?" అన్నాడు కొడుకు.

"అడిగాడు, చెప్పాను. వచ్చినప్పుడల్లా లోపలికొచ్చి ఈ మంచం పక్కన కూర్చుని ఎలా ఉంది పెద్దమ్మా అని అడిగేది అతనొక్కడే. పోయినసారి కొట్టు కళకళలాడిపోతోంది, ఏంటి విశేషం అన్నాడు. మా కోడలు సీసాల వెనక కూరలు పెట్టి అమ్ముతోంది నాయనా, అందుకని అన్నాను."

"తెలియక చెప్పారు కదా అత్తయ్యా?" వదిన గొంతులో చిన్న ఆశ ఉంది. తెలియక చెప్పిందంటే కోపం దించుకోవచ్చు.

"తెలియకేం. ఆ నియమాలన్నీ నీకు నేర్పిందే నేను కదా."

కొట్టాయన తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఎవరి మీద కేకలేయాలో తెలియని మగవాడు చేసే పనే చేశాడు. షట్టరు కింది నుంచి వంగి బయటికి వెళ్లిపోయాడు.

"ఎందుకు?" అంది వదిన.

"ఎందుకా? ఆ గల్లా దగ్గర నేను కూర్చున్నన్నాళ్లూ, ఈ వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా ముందు నాకు తెలిసేది. ఎవరికి పెళ్లి కుదిరింది, ఎవరి మొగుడు అలిగి వెళ్లిపోయాడు, ఎవరికి నెల తప్పింది, అన్నీ. మొగుళ్లకి చెప్పుకోనివి కూడా నాకు చెప్పుకునేవాళ్లు. నువ్వొచ్చి నా కాలు దిండు మీద పెట్టావు. తెర వేశావు. నా కుర్చీలో కూర్చున్నావు."

"డాక్టరు పడుకోమన్నాడు కాబట్టి..."

"చెప్పనీ. తెర అవతల రోజూ సాయంత్రం ఒకటే నవ్వులు. వదినా, వదినా అని ఒకటే పిలుపులు. తెర పక్కకి తీసి, పెద్దమ్మా బతికే ఉన్నావా అని ఒక్కతైనా అడిగిందా? మొన్నెవరో దారి అడిగితే ఒకావిడ చెబుతోంది, కొట్టు వదిన కొట్టు దాటాక కుడివైపు అని. కొట్టు వదిన కొట్టట! నేను కట్టుకున్న మనిషీ నేనూ ఇటుక మీద ఇటుక పేర్చుకున్న కొట్టు."

వదినకి కోపం రావాలి, వచ్చింది కూడా. ఎముకల్లోంచి వచ్చింది. ఇంత పొగరు మనిషి కోసమా నేను బస్సుల్లో నలిగింది అనిపించింది. కానీ ఆ కోపం వెనకే సిగ్గు కూడా వచ్చింది. సాయంత్రాలు తను నిజంగానే నవ్వింది. ఆ పిలుపులు తనకి నిజంగానే బాగున్నాయి.

"మీ కాలు దక్కాలనే చేశాను అత్తయ్యా."

"తెలుసు. నేను కాదన్నానా? కాలు దక్కుతుంది. కాలితోపాటు నేను కూడా దక్కాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు, అంతే."

షట్టరు మీద ఎవరో తట్టారు. "వదినా, ఉన్నావా?"

ఇస్త్రీ అక్క. సగం వంగి మొహం లోపలికి పెట్టింది. ఇందాకటి వేళాకోళం మొహంలో లేదు.

"ఏమైనా మిగిలిందా వదినా? కాళ్ల కింద పడిందైనా ఫర్వాలేదు, కడుక్కుంటాను. మా అమ్మాయికి రక్తం ఇంకా చాలదని చెప్పింది డాక్టరమ్మ. కడుపులో బిడ్డ ఎదుగుదల సరిగ్గా లేదట. ఇప్పుడిప్పుడే కాస్త కోలుకుంటోంది, నీ పాలకూర పుణ్యమా అని."

వదిన ఏరి పెట్టిన ఆకులన్నీ ఆమె సంచిలో వేసింది. పెద్దమ్మ ఎలా ఉన్నారు అని ఇప్పుడు అడుగుతుందేమో అని ఆమె మొహంలోకి చూసింది. ఒక్కమాట అంటే చాలు. తెర తీసే ఉంది, మంచం కనబడుతూనే ఉంది.

"రేపు ఉంటుందా వదినా?" అంది ఇస్త్రీ అక్క.

"రేపటి సంగతి రేపు."

ఆమె వెళ్లిపోయింది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. చూశావా అని కూడా అనలేదు.

* * *

ఆ రాత్రి కొట్టాయన తిరిగొచ్చి బస్తాల మీదే పడుకున్నాడు. పొద్దున లేస్తూనే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొట్టు ముందంతా ఊడ్చాడు. వదిన బుట్టల్ని ఒకదాంట్లో ఒకటి దోపి పెరట్లో పెట్టేశాడు. ఆ పని చేస్తున్నప్పుడు మాత్రం చప్పుడు కాకుండా చేశాడు.

వదిన అత్తగారి కట్టు విప్పి పుండు తుడుస్తోంది. చుట్టూ చర్మం గులాబీరంగుకి తిరుగుతోంది. మానే లక్షణమే అది. ఇన్ని వారాల పాలకూరా, దిండూ, తెరా కలిసి సాధించింది అంతే. అయినా అది చిన్న విషయం కాదు.

"అతను కాగితం తెస్తాడు కదా," అంది అత్తగారు.

"తెస్తాడు."

"సంతకం పెట్టమంటావా?"

వదిన చేతిలో దూది ఆగింది. "నన్నడుగుతారేంటి? మీరూ మీ అబ్బాయీ, మీరూ మీ కంపెనీ పెద్దమనిషీ. మధ్యలో నేనెవర్ని?"

"వెటకారం తర్వాత. పెట్టమంటావా, వద్దంటావా?"

"వద్దు."

"అయితే నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టు."

వదినకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక అర్థం కానట్టు ఉండాలనిపించింది. "కాసేపా? వాళ్లు వెళ్లేదాకానా?"

"కాసేపేంటి. కొట్టు తీసిన దగ్గర్నుంచి కట్టేదాకా. ముందులాగే, రోజూ. నీ బుట్టలు నువ్వు పెట్టుకో, నీ కూరలు నువ్వు అమ్ముకో. నా మొహాన కాగితం అంటించినా నేను సంతకం పెట్టను. వాడు నా కొడుకు, నన్ను దాటి వెళ్లడు."

"కాలు వేలాడదీస్తే పుండు మళ్లీ మొదటికొస్తుంది. డాక్టరు ఏమన్నాడో మీరూ విన్నారు. ఈసారి పాదంతో ఆగదన్నాడు."

"విన్నాను. చెవుడు ఇంకా రాలేదు."

"స్టూలు వేసి కాలు దాని మీద పెడితే..."

"ఆ సందులో స్టూలెక్కడ పడుతుంది? ఇన్నాళ్లూ కూర్చున్నావుగా, నీకు తెలీదా? మోకాళ్లు ముడుచుకుంటేనే చోటు."

అది నిజమే. చెయ్యి చాపితే బిస్కెట్ల డబ్బాలు, బన్నుల ట్రే అందుతాయి. అది కూడా నిజమే. వదిన చూపు ఎటు పోయిందో అత్తగారు కనిపెట్టింది.

"తినను అని మాటివ్వను. అబద్ధం ఎందుకు?"

"పాదం పోతే అత్తయ్యా?"

"పోతే పోయేది నాది. ఇక్కడ పడుకుంటే పాదం ఉంటుంది, నేను పోతాను. నీకు పాదం కావాలో, కూరలు కావాలో తేల్చుకో. రెండూ కావాలంటే నా దగ్గర లేవు."

ఈ ముసలావిడ బేరం ఆడుతోంది. ఇన్నేళ్లు గల్లా దగ్గర కూర్చున్న మనిషి, ఎదుటివాళ్లకి ఏది అవసరమో మొహం చూసి చెప్పగలదు. ఏ కాలి కోసం ఇదంతా మొదలుపెట్టిందో, ఇప్పుడు ఆ కాలినే ఇచ్చి మిగతాది నిలబెట్టుకోవాలట. ఇస్త్రీ అక్క కూతురు గుర్తొచ్చింది. సంచులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు గుర్తొచ్చారు. ఒక మనిషి పాదాన్ని ఒకవైపూ వాళ్లందర్నీ ఒకవైపూ పెట్టి తూస్తున్నానని తెలిసి వదినకి తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా తూచడం ఆగలేదు.

బయట మోటారుసైకిలు వచ్చి ఆగింది.

"పెద్దమ్మ లేచారా అన్నా?"

"రండి రండి. లోపలే ఉంది. పిలుస్తాను."

వదిన గబగబా కొత్త కట్టు చుట్టింది. చివర గట్టిగా ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేసింది. లేచి నిలబడి భుజం వంచింది.

"పట్టుకోండి," అంది.

అత్తగారు బరువైన మనిషి కాదు. అయినా ఆ నాలుగు అడుగులూ నడిపించేసరికి వదిన ఒళ్లంతా చెమట పట్టింది. తెర తోసుకుని ఇద్దరూ కొట్టులోకి వచ్చేసరికి కొట్టాయన చేతిలో కలం అలాగే ఉండిపోయింది.

"అమ్మని ఎవరు లేపారు?"

"నేనే," అంది వదిన.

"నీకు బుద్ధుందా? ఆ కాలితో..."

"నేనే లేపాను."

అత్తగారు కొడుకుని చూడలేదు. గల్లా వెనక కుర్చీలో నెమ్మదిగా కూలబడి, మోకాళ్లు ముడుచుకుని, కాలు కిందికి దించింది. దించుతున్నప్పుడు మోకాలి నొప్పికి పళ్లు బిగించింది. తర్వాత పమిట సర్దుకుని, బల్ల మీద దుమ్ము అరచేత్తో తుడిచి, ఎదురుగా ఉన్న కంపెనీ మనిషి వైపు తిరిగింది.

"ఏంటి నాయనా, కాగితమా?"

"అవును పెద్దమ్మా. ఇదిగో, ఇక్కడా ఇక్కడా..."

"ముందు జాగా నీకు కావాలట?"

"స్టాండు కోసం పెద్దమ్మా. మీకే మంచిది."

"అక్కడ మా కోడలి బుట్టలుంటాయి. నీ సీసాలు కావాలంటే ఐసుపెట్టెలో పెట్టి అమ్ముతాం. లేదంటే అవీ పట్టుకుపో."

అతడు నవ్వబోయి మానేశాడు. "మొన్న మీరే కదా పెద్దమ్మా నాతో..."

"మొన్న పడుకుని ఉన్నాను. ఇవాళ కూర్చున్నాను."

కొట్టాయన ఏదో అన్నాడు, తల్లిని బతిమాలాడు, భార్యని తిట్టాడు, కంపెనీ మనిషి వెంట రోడ్డు దాకా వెళ్లాడు. అత్తగారు కాగితం మడిచి బల్ల అంచున పెట్టి ఊరుకుంది. వదిన పెరట్లోకి వెళ్లి బుట్టలు తెచ్చుకుంది.

కబురు ఎలా పాకిందో గానీ బజారు బండి రాకముందే గుమ్మంలో సందడి మొదలైంది. ముందు ఇస్త్రీ అక్క వచ్చింది.

"అయ్యో పెద్దమ్మా! మీరే! ఎన్నాళ్లకి కనబడ్డారు!"

"ఇక్కడే ఉన్నానే, ఎక్కడికి పోయాను? మీ అమ్మాయికి ఎన్నో నెల? నాకు చెప్పనే లేదు." అత్తగారు పక్కనున్న డబ్బాలోంచి బిస్కెట్ తీసి, విరిచి, సగం నోట్లో వేసుకుంది. "ఇలా రా, కూర్చో. మొత్తం చెప్పు."

ఇంకొకావిడ వచ్చింది, ఆవిడ వెనక మరొకావిడ. పెద్దమ్మా పెద్దమ్మా అని అందరూ ఒక్కసారే పలకరిస్తుంటే ఆ ముసలి మొహం విచ్చుకున్న తీరు వదిన ఎన్నడూ చూడలేదు. ఇంత సంతోషం తను ఆ మనిషికి ఏ రోజూ పెట్టలేదు. పెట్టింది అంతా కూరలే.

బండి వచ్చాక పాలకూర కట్టలు పేర్చడానికి వంగినప్పుడు ఆమెకి బల్ల కింద అత్తగారి కాలు కనిపించింది. తెల్లటి కట్టు మీద ఎర్రగా చిన్న మచ్చ. వదిన చూస్తుండగానే అది వెడల్పయింది. పైన అత్తగారు దేనికో పగలబడి నవ్వుతోంది. ఆవిడకి ఆ పాదంలో స్పర్శ పోయి చాలాకాలమైంది. వదిన ఇప్పుడు నోరు తెరిస్తే ఆవిడ మళ్లీ తెర వెనక్కి, బుట్టలు మళ్లీ పెరట్లోకి.

"వదినా," అని పిలిచింది ఇస్త్రీ అక్క పైనుంచి. "ఇక రోజూ ఉన్నట్టేనా పాలకూర?"

వదిన ఆ మచ్చ మీంచి చూపు తిప్పుకోలేదు.

"ఉన్నట్టే," అంది.